పన్ను కట్టే ఇల్లు

నా జీతంలోంచి మొదటిసారి ఆదాయపు పన్ను కోసిన ఫిబ్రవరిలో మా ఇంట్లో ఒకరు ఏడ్చినంత పని చేశారు, ఒకరు బక్ష్యాలు చేశారు. ఏడ్చినంత పని చేసింది నేను. బక్ష్యాలు చేసింది మా అత్త.

అప్పుడు నేను వనపర్తిలో ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సును. చాలా ఏళ్లు కాంట్రాక్టు జీతంతో నెట్టుకొచ్చి, పరీక్ష రాసి, పర్మినెంటు అయి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. కాపురం గద్వాలలో. మా ఆయనకు అక్కడ బోరు మోటార్లకు వైండింగు చేసే చిన్న దుకాణం ఉంది. దుకాణం కదలదు కాబట్టి నేనే కదిలేదాన్ని, పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు. ఏడాది మొత్తానికి లెక్క చూసి, కట్టాల్సిన పన్నంతా ఫిబ్రవరి జీతంలో ఒక్క దెబ్బకు పట్టుకుంటారని నాకు ఎవరూ చెప్పలేదు. వాళ్లందరికీ అలవాటైన విషయం, చెప్పాలని తోచి ఉండదు. ఇంటికి వచ్చే బస్సులో ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. జీతంలో సగం పైగా లేదు. పొరపాటు పడిందనుకుని సీనియర్ సిస్టర్‌కు ఫోన్ చేస్తే ఆవిడ నవ్వి, నీకు కొత్త కదా, ఫిబ్రవరిలో మాకందరికీ ఇంతే అంది.

ఆ నెల తిమ్మాజిపేటలో మా నాయనకు డబ్బు పంపుతానని మాట ఇచ్చి ఉన్నాను. ఆయన కౌలుకు తీసుకున్న చేనుకు పైసలు కట్టాలి. నా ఒక్క జీతం అటు పుట్టింటినీ ఇటు అత్తింటినీ చూసుకునేది. ఇంటికి వచ్చి చెప్పులు విప్పి గడప మీదే కూర్చుండిపోయాను.

అత్త చిక్కుడుకాయలు తుంచుతోంది. ఏమైందని అడిగింది. చెప్పాను.

"ఎవరికి గట్టినవ్?" అంది.

"సర్కారుకు, అత్తమ్మా. నేను కట్టలేదు, వాళ్లే కోసుకున్నరు."

"నువ్వు సర్కారుకు గట్టినవా?"

ఆమెకు అర్థం కాలేదేమో అనుకుని మళ్లీ మొదటి నుంచి చెప్పాను. ఆమె తల ఊపింది. కలెక్టరు కూడా కడతాడా అని అడిగింది. కడతాడన్నాను. పెద్ద డాక్టరు? కడతాడు. వాళ్ల ఊరి విత్తనప్పత్తి పటేలు? వ్యవసాయం మీద వచ్చేదానికి పన్ను ఉండదన్నాను. ఆమె చేతిలోని చిక్కుడుకాయను తుంచకుండానే కింద పెట్టింది.

"అంటే పటేలు గట్టడు, మనం కడ్తం."

ఆ మాట నా నోటి నుంచి వచ్చి ఉంటే ఫిర్యాదులా ఉండేది. ఆమె నోటి నుంచి వేరేలా వచ్చింది.

మా అత్త గురించి చెప్పాలి. మానవపాడు దగ్గరి ఊరు ఆమెది. భూమి లేని ఇల్లు. పెళ్లయిన కొత్తలోనే మామతో కలిసి గుంపులో కూలికి దేశాలు పట్టి పోయింది. ఎక్కడెక్కడో కాలువలు తవ్వింది, కట్టలకు మట్టి మోసింది. ఆ ఊళ్ల పేర్లు ఆమె తనకు తోచినట్టు పలుకుతుంది, పటంలో వెతికితే దొరకవు. అలాంటి ఒక చోట జ్వరం వచ్చి మామ పోయాడు. చంకలో కొడుకును వేసుకుని తిరిగి వచ్చి, విత్తనప్పత్తి చేలల్లో క్రాసింగు పనికి కుదిరింది. ఒక చెట్టు పువ్వు తెంపి, దాని పుప్పొడిని ఇంకో చెట్టు పువ్వుకు చేత్తో రుద్దే పని అది. ఎండ ముదరకముందే పూర్తి కావాలి. ఆమె ఆ పని చేసిన చేను పటేలుదే.

రేషను బియ్యం, వితంతు పింఛను, కొడుక్కు సర్కారు హాస్టల్. ఈ మూడింటి మీద ఆమె సంసారం నిలబడింది. ప్రతిదానికీ వరసలో నిలబడింది. పింఛను కోసం తిరిగే రోజుల్లో ఒకసారి ఒక ఆఫీసులో ఎవరో ఆమెతో అన్నారట, మీకు ఇచ్చుడే సరిపోతున్నది సర్కారుకు, మీరు తిరిగి ఏమిస్తరు అని. నా పెళ్లయిన కొత్తలోనే ఈ సంగతి నాకు చెప్పింది. ఆ తర్వాత చాలాసార్లు చెప్పింది. అన్నవాడి ముఖం గుర్తులేదంటుంది. తాను ఏమీ అనలేక కిందికి చూస్తే కనిపించిన గచ్చు రంగు మాత్రం గుర్తుంది.

మర్నాడు పొద్దున లేచేసరికి పప్పు ఉడుకుతోంది, బెల్లం దంచి ఉంది. పండుగేమీ కాదు. చేసిన బక్ష్యాలు గిన్నెలో సర్దుకుని వాడలో ఇంటింటికీ తిరిగింది. ఏం విశేషమని అడిగిన వాళ్లకల్లా మా కోడలు పన్ను గట్టిందని చెప్పింది. ఎదురింట్లో రిటైరైన టీచరమ్మ ఒకావిడ ఉంది. నౌకరీ చేసినన్ని రోజులు పన్ను కట్టాను గానీ ఎవరూ నాకు తీపి తినిపించలేదు అని ఆవిడ నాతో అంది. నవ్వుతూ అన్నా, బక్ష్యం మాత్రం ఇంకోటి అడిగి తీసుకుంది.

మా ఆయనకు ఇదంతా నచ్చలేదు. ఆ రాత్రి అన్నం దగ్గర మాట పెరిగింది. ఆయన చెప్పినవి తీసిపారేసే మాటలు కావు. మనకు తెలిసీ తెలియకుండానే అంతా కోసుకుంటారు, పెద్ద పెద్ద వ్యాపారాలు చేసేవాళ్లు లెక్కలు మార్చి తప్పించుకుంటారు, ఎకరాలకు ఎకరాలు పండించేవాళ్లను అడిగేవాడు లేడు, దొరికేది నెలజీతం వాళ్లే, దాచుకోవడానికి వాళ్లకు చోటు ఉండదు కాబట్టి, అన్నాడు. "పన్నూ కడ్తం, బిడ్డకు ప్రైవేటు బడి ఫీజూ కడ్తం. ఇగ పన్ను దేనికి?"

"నువ్వు సదివిన హాస్టలు ఎవరి పైసలతోని నడిచిందిరా?" అంది అత్త.

"నువ్వు పెద్ద పన్ను గట్టినట్టు మాట్లాడుతున్నవ్."

"నా కోడలు గట్టింది."

ఆయన నావైపు చూశాడు. నేను ఎటు చెప్పినా ఒకరికి కోపం. నిజానికి నా మనసు ఆయన వైపే ఎక్కువ మొగ్గింది. నాకు వచ్చే జీతానికి ఆ కోత ఎక్కువే. ఇద్దరు ముసలివాళ్లను, ఒక పిల్లను చూసుకునే మనిషికీ, ఒంటరిగా ఉండే మనిషికీ ఒకే కొలత పెట్టడం న్యాయం కాదని నాకు అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తుంది. కానీ నా జీతం వచ్చేదే అందరూ కట్టిన పన్నుల్లోంచి. నా వార్డులో కాన్పుకు వచ్చిన ఆడవాళ్లకు సూది వేయాలంటే అది ఎవరో కట్టిన డబ్బుతో కొన్నదే. ఎక్కువ అని అనగలను గానీ, ఎందుకు అని అనలేకపోయాను. ఆ సంగతే చెప్పాను. ఆయన చెయ్యి కడుక్కుని లేచాడు.

అత్త అక్కడితో ఆగలేదు. ఇంట్లో సర్కారు నౌకరీ ఉంటే పింఛను రాకూడదని ఎవరో చెప్పగా విన్నది. నేను పర్మినెంటు అయినా ఊళ్లో ఆమె పేరు మీద పింఛను ఇంకా వస్తూనే ఉంది. దాన్ని తీసేయించుకుంటానని పట్టుబట్టింది. అది నీది, దాని జోలికి ఎవరూ రాలేదు, నువ్వెందుకు పోతావని కొడుకు మొత్తుకున్నాడు. నా వారపు సెలవు రోజున ఆమె ఇస్త్రీ చీర కట్టుకుని నన్ను తీసుకుని వాళ్ల ఊరి మండలాఫీసుకు బయలుదేరింది.

అక్కడి గుమాస్తాకు మేమేం అడుగుతున్నామో అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. పింఛను రావడం లేదని వచ్చిన వాళ్లను చూశాడు, తక్కువ వస్తోందని వచ్చిన వాళ్లను చూశాడు. వద్దని వచ్చిన మనిషి ఆయనకు కొత్త. దీనికి ఫారం ఏమీ లేదమ్మా అన్నాడు. తెల్లకాగితం మీద నేను రాశాను. కారణం ఏమని రాయాలని అడిగాను.

"మేం ఇచ్చేటోళ్లమైనం అని రాయి," అంది.

నేను అలా రాయలేదు, కోడలికి ప్రభుత్వోద్యోగం వచ్చిందని రాశాను. ఆమె వేలిముద్ర వేసింది. లోపలి నుంచి ఆఫీసరు బయటికి వచ్చింది, నాకంటే చిన్న వయసు అమ్మాయి. సంగతి విని, అత్తకు కుర్చీ వేయించి టీ తెప్పించింది. అత్త టీ చాలా నెమ్మదిగా తాగింది. చల్లారిపోయినా తాగుతూనే ఉంది. ఆ ఆఫీసులో కుర్చీ మీద కూర్చోవడం ఆమెకు అదే మొదటిసారని బయటికి వచ్చాక చెప్పింది.

తర్వాతి ఏడు నా తోటి ఉద్యోగుల్లో ఒక మాట పాకింది. వనపర్తిలో ఒక మనిషి ఉన్నాడు, కోసిన పన్ను చాలావరకు వెనక్కి ఇప్పిస్తాడు, వచ్చినదాంట్లో కొంత ఆయనకు ఇస్తే చాలు అని. మా వార్డులోనే కొందరికి డబ్బు వచ్చింది కూడా. మా ఆయన చెవిన పడింది. వద్దంటూనే నేనూ ఆలోచించాను. ఆ ఫిబ్రవరి కూడా మాకు ఇబ్బందిగానే గడిచింది.

ఒకరోజు అత్తకు కళ్లు చూపించడానికి ముగ్గురం వనపర్తి వెళ్లాం. పని అయ్యాక, ఎట్లాగూ వచ్చాం కదా, ఒకసారి అడిగి చూద్దామని ఆయన మమ్మల్ని ఆ మనిషి దగ్గరికి తీసుకుపోయాడు. జిరాక్సు షాపు మీద ఇరుకు గది. అత్త కళ్లలో మందు వేశారు కాబట్టి తలుపు పక్క కుర్చీలో కళ్లు మూసుకుని కూర్చుంది. ఆ మనిషి మర్యాదగానే మాట్లాడాడు. ఎక్కడో విరాళాలు ఇచ్చినట్టు చూపిద్దామన్నాడు. ఇంట్లో పెద్దవాళ్లు ఎవరున్నారని అడిగాడు. అత్తను చూసి, ఈమెను వికలాంగురాలిగా చూపిస్తే నీమీద ఆధారపడినట్టు లెక్క, బాగా తగ్గుతుంది అన్నాడు. సర్టిఫికెట్ ఎవరూ అడగరని కూడా చెప్పాడు.

అత్త కళ్లు తెరిచింది.

"నాకేం లేదని రాస్తున్నవ్ నాయనా?"

"కాగితం మీద రాసుడే అవ్వా. నిన్ను ఎవ్వరొచ్చి సూడరు."

ఆ గదిలో తలుపు దగ్గర నీళ్ల క్యాను ఒకటి, నిండుగా, కింద పెట్టి ఉంది. తెచ్చిన కుర్రాళ్లు స్టాండు మీద పెట్టకుండా వెళ్లిపోయినట్టున్నారు. అత్త లేచి, కొంగు బిగించి, వంగి ఆ క్యానును ఎత్తి స్టాండు మీద బోర్లించింది. నీళ్లు బుడబుడమన్నాయి. మా ఆయన లేచేలోపలే అయిపోయింది.

"నేను మోసిన మట్టి ముంగట గిదెంత," అంది. కాస్త ఆయాసపడుతూనే అంది. "మా ఊర్ల ఒకామె ఉన్నది. చిన్నప్పుడే కాలు సచ్చువడ్డది. గా సర్టిఫికెట్ కోసం ఆమె ఎంత తిరిగిందో నా కండ్ల సూసిన. ఆమెది ఆమెకు ఉండనియ్యి. నాకొద్దు."

నేను లేచి, వద్దులెండి అని చెప్పాను. మెట్లు దిగుతుంటే, ఆమె నా అత్త అని ఆ షాపులో ఉన్న అందరికీ చెప్పాలనిపించింది.

మా ఆయన బస్సులో వేరే సీట్లో కూర్చున్నాడు. పెబ్బేరు దాటింది, కృష్ణ బ్రిడ్జి దాటింది. ఎర్రవల్లి చౌరస్తాలో బస్సు ఆగినప్పుడు పల్లీల పొట్లం కొని తెచ్చి తల్లి ఒళ్లో పెట్టాడు.

"కండ్లల్ల మందేసిండ్రు గదా, గా క్యాను ఎందుకు లేపినవ్?"

"ఎవరో ఒకరు లేపాలె గద. పాపం ఆయనకు తాగనీకె నీళ్లు లెవ్వు," అంది అత్త, పల్లీలు వొలుచుకుంటూ.

ఆయనకు నవ్వు వచ్చింది, కిటికీలోంచి బయటికి చూశాడు.

కొన్నాళ్లకు, అలా డబ్బు వెనక్కి తెచ్చుకున్నవాళ్లకు నోటీసులు వచ్చాయి. తెచ్చుకున్నది కట్టాలి, పైన వడ్డీ, జరిమానా. ఆ మనిషి ఫోన్ ఎత్తడం మానేశాడు. నాతో కలిసి పనిచేసే ఒక సిస్టర్, నాగర్‌కర్నూల్ నుంచి వచ్చేది, డ్యూటీ గదిలో నా పక్కన కూర్చుని ఏడ్చింది. భర్త లేడు ఆమెకు, ఇద్దరు పిల్లలు. నేను మంచిపని చేశానని చెప్పుకోవడానికి అది సమయం కాదు, నాకు చెప్పాలని కూడా అనిపించలేదు. నువ్వు అదృష్టవంతురాలివి, మీ అత్త ఆపింది అని ఆమే అంది. తర్వాత ఇంకో మాట అంది. "పన్ను జర తక్కువుంటే నేనెందుకు పోతుంటి అక్కా, ఆ మనిషి దగ్గరికి?"

ఆ మాట నాతో చాలా రోజులు ఉంది. ఆమె చేసింది తప్పే. కానీ ఆమె దొంగ కాదు. మోయగలిగినంత బరువు పెడితే మనిషి తిన్నగా నడుస్తుంది. ఇంటికి వచ్చి అత్తకు చెబితే, ఆమె ఆ సిస్టర్‌ను తిట్టలేదు. పిల్లలు ఎంతెంతవాళ్లని అడిగింది. ఒక ఆదివారం ఇంటికి పిలవమంది.

తర్వాత నాకు గద్వాలకే బదిలీ అయింది. ఒక బడ్జెట్ రోజున డ్యూటీ గదిలో అందరూ ఫోన్లు చూసుకుంటున్నారు. పన్ను లేని హద్దును బాగా పైకి జరిపారు. మా లాంటి జీతాలవాళ్లకు ఇక కట్టాల్సింది ఏమీ ఉండదు. ఒకరికొకరం లెక్కలు చూపించుకున్నాం, నమ్మలేక మళ్లీ చూసుకున్నాం. నాగర్‌కర్నూల్ సిస్టర్‌కు నేనే ఫోన్ చేసి చెప్పాను. పిల్లలకు చెబుతానని వెంటనే పెట్టేసింది. ఆ సాయంత్రం నేను నడిచి ఇంటికి వచ్చాను. చాలా సంతోషంగా ఉన్నాను. తగ్గించవచ్చా అని అడిగితే తగ్గించవచ్చు, తగ్గించారు, ఆకాశం ఏమీ ఊడిపడలేదు. మా ఆయన దుకాణం మూసి త్వరగా వచ్చి, నేను చెప్పలేదా అన్నాడు.

అత్త ఒక్కతే సంతోషపడలేదు.

"మరి మనం ఇగ ఇయ్యమా?"

ఇవ్వనక్కర్లేదని చెప్పాను. మనకంటే ఎక్కువ సంపాదించేవాళ్లు ఇస్తారని, మన డబ్బు మన దగ్గరే ఉంటుందని, మా నాయనకు ఫిబ్రవరిలో కూడా పంపవచ్చని చెప్పాను. అన్నీ విని, మంచిదే బిడ్డా అంది. కానీ ఆమె ముఖంలో ఏదో తగ్గింది. రెండు మూడు రోజులు అలాగే ఉంది. వాడలో ఎవరితోనూ ఆ సంగతి చెప్పలేదు.

నాకు బాధ అనిపించింది. ఒకరోజు ఆమె బట్టలు ఉతుకుతుంటే పక్కన కూర్చుని, ఆ సబ్బు మీద కూడా పన్ను ఉంటుంది అత్తమ్మా అన్నాను. నమ్మలేదు. సబ్బు ధరలోనే పన్ను కలిసి ఉంటుందని, నూనె డబ్బా మీద, చెప్పుల మీద, ఫోన్ రీచార్జి మీద, తల నొప్పి మాత్రల మీద కూడా ఉంటుందని చెప్పాను. నేను ఉద్యోగంలో చేరకముందు కూడా ఉందని, పేర్లు మారుతూ వచ్చాయి గానీ ఏదో ఒక పన్ను ఎప్పుడూ ఉందని, కొన్నవాళ్లందరూ కడుతూనే ఉన్నారని చెప్పాను.

ఆమె చేతులకు నురగతో అలాగే లేచి నిలబడింది.

"కాలువ పనికి పోయినప్పుడు సబ్బు కొన్నుంటి. దాని మీద గూడ ఉండెనా?"

"ఉండే ఉంటది."

"నీ మామ బీడీల మీద?"

"వాటి మీద ఇంకా ఎక్కువ."

"అయితే గా ఆఫీసుల నన్ను అన్నప్పుడు కూడా నేను ఇచ్చేదాన్నేనా?"

అవునన్నాను. పంపు కింద చేతులు కడుక్కుంది. కొంగుతో తుడుచుకుంది. ఇన్నేళ్లు ఎవరూ చెప్పకపోయిండ్రి అంది. కోపంగా అంది, కానీ నిటారుగా నిలబడి అంది. సాయంత్రం దుకాణం నుంచి వచ్చిన కొడుకును కూర్చోబెట్టి, తాను పెళ్లికాకముందు నుంచీ సర్కారుకు ఇస్తున్నానని, నీ పెండ్లాం నిన్నమొన్న మొదలు పెట్టిందని చెప్పింది. ఆయన అన్నం తింటూ, ఈసారి వాదించలేదు. నిజమే అన్నాడు.

ఎవరైనా నన్ను అడిగితే ఇప్పుడు నేను చెప్పేది ఇదే. నా పన్ను తగ్గించడం మంచి పని. కానీ నా పన్ను గురించి పేపర్లలో రాస్తారు, టీవీల్లో వాదిస్తారు, తగ్గితే పార్లమెంటులో బల్లలు చరుస్తారు. సబ్బు కొన్నప్పుడు మా అత్త కట్టింది ఎవరి లెక్కలోనూ ఆమె పేరు మీద ఉండదు. రెండింట్లో ముందు ఎవరిది తగ్గించాలంటే ఆమెదే అంటాను. ఆమె మాత్రం ఒప్పుకోదు.

అప్పటి నుంచి సరుకులు కొనడానికి నాతో అత్త కూడా వస్తుంది. మూల మీది చిల్లర కొట్టు వదిలి, బిల్లు ఇచ్చే పెద్ద కొట్టుకే పోదామంటుంది. బిల్లు కింద పన్ను ఎంతో విడిగా రాసి ఉంటుంది. ఆమెకు చదవడం రాదు, నాతో చదివించుకుంటుంది. ఈమధ్య సబ్బుల మీద పన్ను తగ్గించారు. మొన్న సరుకులు కట్టించుకుంటుంటే, కౌంటరు దగ్గరి అమ్మాయి ఆమె అలవాటు తెలిసినది కాబట్టి, "అవ్వా, నీకిప్పుడు పన్ను తక్కువ పడింది," అని చెప్పింది.

"తగ్గనియ్యి బిడ్డా, మంచిదే," అంది అత్త. "మొత్తం తీసెయ్యొద్దని చెప్పు. జర ఉండనియ్యి."

ఎవరికి చెప్పాలో తెలియక ఆ అమ్మాయి నావైపు చూసింది. అత్త అప్పటికే సంచీ భుజాన వేసుకుని, నేను పట్టుకుంటానన్నా ఇవ్వకుండా, తలుపు వైపు నడుస్తోంది.